రెండు డిగ్రీల పంపకం

ఆస్తి దగ్గర విడిపోయిన అన్నదమ్ములు మేడ్చల్ చుట్టుపక్కల వాడకొకరు దొరుకుతారు. రావల్కోల్ నుంచి కొంపల్లి దాకా భూముల ధరలు లేచిన ఆ రోజుల్లో ఒకే కంచంలో తిన్నవాళ్ళు గెట్టు రాయి దగ్గర గొడ్డళ్ళు పట్టుకున్నారు. మా వాళ్ళకు పంచుకోవడానికి గుంట భూమి కూడా లేదు. అందుకని రెండు డిగ్రీల దగ్గర విడిపోయారు. జ్వరం డిగ్రీలు కావు, నీళ్ళు మరిగే డిగ్రీలు. నవ్వు వస్తే నవ్వుకోండి. మొదట్లో నాకూ వచ్చింది.

మా అన్న సాలోమోను, తమ్ముడు జాషువా. మధ్యదాన్ని నేను, కెజియాను. మేడ్చల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. నాయిన పోయాక మా ఇద్దరినీ సాకింది అన్నే. సికింద్రాబాద్‌లో ఒక హోటల్లో తందూరు ముందు నిలబడి, వేడికి కనుబొమ్మలు కాల్చుకుని, నన్ను నర్సింగులో చేర్పించాడు, తమ్ముణ్ణి సైన్సు గ్రూపుతో ఇంటర్ చదివించాడు. తను మాత్రం పెళ్ళి ఊసే ఎత్తలేదు. తమ్ముడు చేతికి అందివచ్చాడనుకున్నాక, రెండువేల ఆరులో, దూలపల్లి మలుపు దగ్గర ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని ఇద్దరూ కలిసి కొట్టు పెట్టారు. బోర్డు మీద 'బ్రదర్స్ స్మోక్ అండ్ గ్రిల్' అని జాషువానే రాయించాడు.

నూనె డ్రమ్ములను నిలువునా కోసి, మూతలు బిగించుకున్నారు. ఒక డ్రమ్ములో బొగ్గుల మీద కోళ్ళు కాలేవి. ఇంకో డ్రమ్ములో చింత కట్టె పొగకు మేక తొడ పొద్దంతా నిదానంగా మగ్గేది. కోళ్ళ డ్రమ్ము జాషువాది, పొగ డ్రమ్ము అన్నది. సాయంత్రమయ్యేసరికి కొంపల్లి విల్లాల నుంచి కార్లు వచ్చి ఆగేవి. జాషువా గల్లాపెట్టె దగ్గర నిలబడి ఇంగ్లీషు మాట్లాడుతుంటే, అన్న పొగలోంచి వాడి వంక చూసి మురిసిపోయేవాడు. ఆ మురిపెం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది, తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

గొడవ మరుసటి ఏడు, కొంపల్లిలో ఉండే తృప్తి మేడమ్ ఇంట్లో మొదలైంది. వాళ్ళ అబ్బాయి పుట్టినరోజుకు పంపిన కోళ్ళలో ఎముక దగ్గర ఎర్రగా ఉందని ప్లేట్లు ప్లేట్లే వాపసు పంపింది. ఫారం కోళ్ళు లేతగా ఉన్నప్పుడే కోతకు వస్తాయి, ఎముకలోని ఎరుపు మాంసంలోకి దిగుతుంది, ఎంత కాల్చినా ఆ రంగు పోదు. అన్న వెళ్ళి ఈ మాటే చెప్పాడు. ఆవిడ భర్త వినలేదు.

"థర్మామీటర్ లేకుండా గ్రిల్ నడుపుతున్నారా? లోపల డెబ్బై నాలుగు డిగ్రీలు వచ్చిందని చూపించండి. అప్పుడు తింటాం" అన్నాడు.

ఆ విల్లాల్లో వారం వారం ఏదో ఒక పార్టీ ఉంటుంది. వాళ్ళు మానేస్తే కొట్టుకు మిగిలేది ఈగలే. ఆ సాయంత్రమే జాషువా నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, మీ దవఖానల థర్మామీటర్ ఒకటి తేరాదు?"

"అది నలభై రెండు దాటదు రా. కోడికి జ్వరమొచ్చిందా లేదా చెప్తది గని, ఉడికిందా లేదా చెప్పదు" అన్నాను. అన్న పడీ పడీ నవ్వాడు. ముగ్గురం కలిసి నవ్వుకోవడం అదే ఆఖరు.

అన్న ఏ వస్తువు కొన్నా పెళ్ళి సంబంధం చూసినట్టే చూస్తాడు. సికింద్రాబాద్ వెళ్ళి రాణిగంజ్‌లో మిషన్ల సామాను అమ్మే గల్లీలన్నీ తిరిగాడు. సూది మొన సన్నగా ఉండాలి, లావుగా ఉంటే గుచ్చిన చోటల్లా రసం కారిపోతుంది. సూదికి పొడుగాటి వైరు ఉండాలి, అప్పుడు సూది మాంసంలో ఉంచి డ్రమ్ము మూత మూసేసినా అంకె బయట పెట్టెలో కనబడుతుంది. మాటిమాటికీ మూత తెరిస్తే పొగా పోతుంది, వేడీ పోతుంది. ఆ వైరు మీద ఇనుప అల్లిక ఉండాలి, లేకపోతే రెండో రోజుకే కాలిపోతుంది. అంకె ఊగిసలాడకుండా తొందరగా నిలబడాలి. ఇవన్నీ అడిగి అడిగి దుకాణాలవాళ్ళను విసిగించి, చివరికి ఒక బూడిదరంగు పెట్టె తెచ్చాడు. చూడటానికి ఏ అందమూ లేదు. సూది ముట్టుకుంటే మాత్రం క్షణంలో అంకె చెప్పేది.

"పరీక్ష పెడదాం" అన్నాడు జాషువా. సైన్సు చదివినవాడు కదా.

ఆదివారం చర్చి అయ్యాక షెడ్డు వెనక పొయ్యి మీద నీళ్ళు పెట్టాం. అప్పుడే శేషారత్నం సార్ వచ్చారు. మా అన్నకూ తమ్ముడికీ బళ్ళో సైన్సు చెప్పింది ఆయనే, చర్చిలో సంఘ పెద్దా ఆయనే. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా కొట్టుకొచ్చి ఒక లెగ్ పీసు తినిపోవడం అలవాటు. ఆయన దగ్గర డబ్బులు తీసుకునే అలవాటు మాకు లేదు.

నీళ్ళు మరిగి తెర్లాయి. అన్న సూది ముంచాడు. అంకె పరుగెత్తుకుంటూ వెళ్ళి తొంభై ఎనిమిది దగ్గర నిలబడింది. మంట పెంచాం. నీళ్ళు ఎగిరెగిరి బయట పడుతున్నాయి, అంకె మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు.

"నూరు రావాలె గద సార్?" అన్నాడు జాషువా.

"నీరు నూరు డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును" అన్నారు సార్, పాఠం ఒప్పజెప్పించుకున్న గొంతుతో. "ఐదో తరగతి పోరణ్ణి అడిగినా చెప్తడు. ఇది పనికిరాదు సాలోమోనూ. నకిలీ."

అన్న మొహం చిన్నబోయింది. మర్నాడు వెళ్ళి ఇంకోటి మార్చుకొచ్చాడు. అదీ తొంభై ఎనిమిదే. దుకాణం సేటుతో గొడవపడి ఈసారి వేరే కంపెనీది తెచ్చాడు. అదీ తొంభై ఎనిమిదే. ఆ పరీక్ష చూడటానికి మళ్ళీ వచ్చిన సార్‌తో నేనప్పుడు ఊరుకోలేక అన్నాను.

"సార్, మా దవఖానల మూడు మిషన్లు ఒక్క తీరుగ చూపిస్తే మిషన్లను వాపసు పంపం. పేషెంట్‌ను చూస్తం. ఆ నీళ్ళనే ఒక్కసారి చూడరాదు?"

"నీళ్ళల్ల ఏముంటదమ్మా చూడనీకి? బోరు నీళ్ళు" అని సార్ చెయ్యి ఊపారు. ఆడదానికి సైన్సేమిటన్నది ఆ ఊపులో ఉంది.

మరుసటి ఆదివారానికి జాషువా కోఠీ వెళ్ళి ఫుట్‌పాత్ మీద ఒకటి కొనుక్కొచ్చాడు. పసుప్పచ్చ పెట్టె, దాని మీద కోడి, మేక, చేప బొమ్మలు, ఉడికితే పాట కూడా పాడుతుంది. మరిగే నీళ్ళలో ముంచితే కాస్సేపు ఊగి, సరిగ్గా నూరు చూపించింది. జాషువా చప్పట్లు కొట్టాడు. "ఇదీ అసలు సరుకంటే" అన్నారు శేషారత్నం సార్.

అన్న పక్కనున్న సోడా కొట్టు నుంచి గిన్నెడు ఐసు ముక్కలు తెచ్చి, నీళ్ళు పోసి, రెండు సూదులూ అందులో పెట్టాడు. అన్నది సున్నా చూపించింది. తమ్ముడిది రెండు చూపించింది.

"జర చూడు రా. ఐసుల సున్నా ఉండాలె గద?"

"ఐసుల కోళ్ళను కాలుస్తమా?" అన్నాడు జాషువా.

సార్ గట్టిగా నవ్వారు. ఆ నవ్వు లేకపోతే వాడు అక్కడితో ఆగేవాడేమో. పెద్దమనిషి నవ్వేసరికి వాడికి మదమెక్కింది.

"నాకు పోంగనే దొరికింది. నువ్వు మూడుసార్లు పోయినవ్, మూడుసార్లు దొంగ మాలే తెచ్చినవ్. ఆ సేటుకు, నీకు ఏం కమీషన్ లెక్కున్నదో నాకు తెల్వదనుకుంటున్నవా అన్నా?"

నా చేతిలో మసాలా గిన్నె ఉంది. అది కింద పెట్టడం కూడా మర్చిపోయాను. అన్న ఒక్క అడుగు ముందుకేశాడు.

"ఏమన్నవ్ రా?"

"ఉన్నదే అన్న."

అన్న వాడి వైపు కాదు, సార్ వైపు చూశాడు. తనను చిన్నప్పటి నుంచి చూసినవాడు, బళ్ళో పోయిన పెన్సిలు ముక్క దొరికితే తెచ్చి టేబుల్ మీద పెట్టిన పిల్లవాడని ఎరిగినవాడు, ఒక్క మాట అడ్డమేస్తాడని చూశాడు. సార్ లెగ్ పీసు ఎముక చీకుతూ, "నూరంటే నూరే గద సాలోమోనూ. దాంట్ల నేనేం చెప్తా" అన్నారు.

మర్నాడు పొద్దున్నే అన్న పొగ డ్రమ్మును ట్రాలీ ఆటోలో ఎక్కించుకున్నాడు. బూడిదరంగు పెట్టెను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మా అమ్మ ఎలీషమ్మ ఆటోకు అడ్డంగా నిలబడింది.

"చిన్నోడు రా, నోరు జారిండు. నువ్వే మాఫ్ చెయ్యి బిడ్డా."

"జారితే నేను పట్టుకుందును అమ్మా. వాడు తీర్పు చెప్పిండు" అన్నాడు అన్న.

షామీర్‌పేట రోడ్డు మీద, చెరువుకు వెళ్ళే దారిలో, వేపచెట్టు కింద డ్రమ్ము దింపుకున్నాడు. బోర్డు పెట్టుకోలేదు. దూలపల్లిలో జాషువా బోర్డు మార్చలేదు. గిరాకీలకు అలవాటైన పేరు కదా, 'బ్రదర్స్' అలాగే వేలాడింది. ఆ అక్షరాల కిందికి వెళ్ళినప్పుడల్లా రాయి తీసి కొట్టాలనిపించేది. అమ్మ నా దగ్గరకొచ్చేసింది. ఆ తర్వాత ఇద్దరి కొట్లలో ఏ కొట్టు నుంచి ఏమొచ్చినా నోట్లో పెట్టలేదు, పప్పూ పచ్చిపులుసే తిన్నది.

మా చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల, అంటే రొట్టే ద్రాక్షరసమూ, ఇస్తారు. ఎవరి మీదైనా కోపమున్నవాళ్ళు ముందు వెళ్ళి సమాధానపడి రావాలి, లేకపోతే రొట్టె ముట్టుకోకూడదు. అది మా కట్టుబాటు. చాలామంది లోపల ఏమున్నా చెయ్యి చాపుతారు. అన్నకు ఆ విద్య రాదు. షామీర్‌పేట నుంచి సైకిల్ మీద వచ్చి, వెనక చాప మీద కూర్చుని, రొట్టె పళ్ళెం దగ్గరికి రాగానే లేచి బయటకు వెళ్ళిపోయేవాడు. జాషువా ముందు వరసలో దర్జాగా తీసుకునేవాడు. పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగేది శేషారత్నం సారే. అన్న ఖాళీ చేసిన చోటును దాటుకుంటూ వెళ్ళేవారు. అమ్మ తల ముసుగులో ఏడ్చేది.

అలా రెండేళ్ళు దొర్లిపోయాయి. రెండువేల తొమ్మిదిలో సార్‌కు కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయని డాక్టరు ఇంజెక్షన్లు రాశారు. ఇంటికి వెళ్ళి వేసే పని నాకు పడింది. ఒకరోజు నేను మందు సూదిలోకి ఎక్కిస్తుంటే ఆయన తన ట్యూషన్ పిల్లల ముచ్చట చెబుతున్నారు.

"కొండ మీద అన్నం ఎందుకు తొందరగా ఉడకదు అని అడిగితే ఒక్కడు చెప్పలే. ఎత్తుకు పోతే గాలి ఒత్తిడి తగ్గుతది, నీళ్ళు తక్కువ వేడికే తెర్లుతయి, గందుకు. అంతెందుకు, మన దగ్గరనే చూడు. మనది పీఠభూమి. సముద్రానికి మస్తు ఎత్తుల ఉన్నం. ఇక్కడ నీళ్ళు తొంభై ఎనిమిదికే తెర్లుతయి."

చేతిలో సూది అలాగే ఆగిపోయింది.

"ఎంతకు సార్?"

ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది ఎవరితో మాట్లాడుతున్నారో. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అప్పుడు యాదికి రాలేదమ్మా. తర్వాత తట్టింది."

"తర్వాతంటే ఎప్పుడు?"

"అదే... మీ అన్న డ్రమ్ము తీస్కపోయిన వారంల. పదో తరగతికి గదే పాఠం చెప్పుకుంట."

"మరి చెప్పలేదేంది సార్?"

"విడిపోయినంక చెప్పి ఏం ఫాయిదా? అయినా నేను నలుగురిల అన్న మాట. పెద్దరికమన్నది ఒకటుంటది గదమ్మా. మళ్ళ నేనే పోయి తప్పని ఎట్లంట?"

రెండేళ్ళు. నెలనెలా ఆ పళ్ళెం చేత్తో పట్టుకుని, మా అన్న లేచివెళ్ళిన చాపను దాటుకుంటూ పోయిన మనిషి. ఆయన పెద్దరికం ఆయన భద్రంగా దాచుకున్నాడు. ఇంజెక్షన్ కాస్త గట్టిగానే పొడిచాను. ఆయన అబ్బా అన్నారు. ఆ విషయంలో నాకు ఇవాళ్టికీ ఏ చింతా లేదు.

అక్కణ్ణుంచి నేరుగా దూలపల్లి వెళ్ళాను. దారి పొడుగునా నాకు ఒకటే ఆలోచన. కోడికి ఆ రెండు డిగ్రీలతో ఏ పనీ లేదు. ఇన్నాళ్ళూ జాషువా పసుపు పెట్టె రెండు ఎక్కువ చెబుతూనే ఉంది, వాడి కోళ్ళు ఉడుకుతూనే ఉన్నాయి, తిన్నవాళ్ళు వేళ్ళు నాకుతూనే ఉన్నారు. అన్న పెట్టె నిజం చెప్పింది, ఆయన మేక తొడా ఉడికింది. ఉడకక చెడింది మా ఇల్లొక్కటే.

జాషువాకు మొత్తం చెప్పాను. వాడు బొగ్గులు ఎగదోస్తూ విన్నాడు. ఏడుస్తాడనుకున్నాను. ఏడిస్తే దగ్గరికి తీసుకుందామనే నిలబడ్డాను.

"అంటే ఇన్నొద్దుల సంది నాది తప్పు చూపిస్తాందా అక్కా? రేపే మార్పిస్త" అన్నాడు.

చెంప పగలగొట్టాను. గిరాకీలు చూస్తున్నారని కూడా చూడలేదు. "మార్చాల్సింది పెట్టె కాదు రా. బండి తియ్యి" అన్నాను. వాడు బండి తీశాడు. పసుపు పెట్టెను కూడా జేబులో వేసుకున్నాడు. ఎందుకు రా అంటే, "ఊకెనే పోయి ఏమని మాట్లాడాలె?" అన్నాడు.

మేం వెళ్ళేసరికి షామీర్‌పేట రోడ్డు మీద ఎండ తగ్గింది. వేపచెట్టు కింద అన్న ఒక్కడే ఉన్నాడు. గడ్డం నెరిసింది. పొగ డ్రమ్ము మూత సందులోంచి వైరు బయటకు వచ్చి, ఆ బూడిదరంగు పెట్టె ఇటుక మీద ఉంది. జాషువా బండి దిగి, ఎదురుగా నిలబడి, అన్నా అనడానికి నోరు రాక, జేబులోంచి పెట్టె తీశాడు.

"నాది రెండు ఎక్కువ చూపిస్తదంట. ఇక్కడ నీళ్ళు తొంభై ఎనిమిదికే తెర్లుతయంట. నీదే కరెక్టు."

ఏదో దుకాణంలో సరుకు గురించి చెప్పినట్టు చెప్పాడు. అన్న నావైపు చూశాడు. నేను శేషారత్నం సార్ మాట చెప్పాను. ఆయనకు ఎప్పుడు తెలిసిందో కూడా చెప్పాను. అన్న ఆ మాటకు ఆశ్చర్యపోలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. డ్రమ్ము కింద కట్టె సర్దాడు.

"నీళ్ళ ముచ్చట నాకు గూడ తెల్వదు చెల్లె. నాది తప్పే చూపిస్తాందేమో అనుకున్న నేను గూడ. ఎన్నో దినాలు అనుకున్న."

తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు. అప్పటిదాకా గొంతు మామూలుగానే ఉంది.

"నూరు రాకపోతే మిషన్ ఖరాబైంది అనొచ్చు. దుకాణపోడు మోసం జేసిండనొచ్చు. మా అన్నకు కొనుడు రాదు అనొచ్చు. ఇన్ని ఉండంగ నీకు ముందుగాల ఏం తోచింది రా? అన్న దొంగ అని తోచింది. ఇగ నీళ్ళు ఎంతకు తెర్లితే నాకేంది?"

జాషువా తల వంచుకుని నిలబడ్డాడు. అన్నా తప్పైంది, కాళ్ళు పట్టుకుంట, ఆ రెండు ముక్కల్లో ఏదన్నా సరే, అను రా, అను రా అని నేను లోపల మొత్తుకుంటున్నాను. అన్న కూడా చూస్తున్నాడు. ఆ చూపులో ఇంకా ఆశ ఉంది, ఒట్టేసి చెబుతాను. అప్పుడే ఒక కారు వచ్చి ఆగింది. అందులోంచి దిగినవాళ్ళను చూసి జాషువా మొహం మార్చుకున్నాడు. వాళ్ళు వాడి గిరాకీలే, కొంపల్లి వాళ్ళు.

"అరే, మీరిక్కడ?" అన్నాడు దిగినాయన.

"ఊకెనే సార్, ఇటు దిక్కు వస్తే... ఎట్ల చేస్తున్నరో చూద్దామని" అన్నాడు జాషువా, నవ్వుతూ.

అన్న చూపు ఆరిపోయింది. కత్తి తీసుకుని డ్రమ్ము మూత ఎత్తాడు. తొడ మాంసం కోసి, ముందు ఆ కారువాళ్ళకు ఇచ్చాడు. వాళ్ళు వెళ్ళాక ఇంకొన్ని ముక్కలు కోసి, ఉల్లిగడ్డ, నిమ్మకాయ పెట్టి, జాషువా వైపు తిరిగాడు. నాయిన పోయిన ఏడు తన ముద్ద తీసి ఈ తమ్ముడికి తినిపించినవాడు, ఏ గిరాకీనైనా అడిగినట్టే అడిగాడు.

"ఇక్కడ్నే తింటవా? పార్సెలా?"

జాషువా రోడ్డు వైపు చూశాడు. కారు ఇంకా కనబడుతూనే ఉంది.

"పార్సెల్" అన్నాడు.